పెంగ్విన్ మాంసం తినిపించిన డాక్టరు

1898 జులై. దక్షిణ ధ్రువ వలయానికి అవతల మంచులో ఇరుక్కుపోయిన బెల్జికా ఓడలో కమాండరూ, కెప్టెనూ ఇద్దరూ మంచం పట్టారు. ఇక లేవలేమనుకుని వీలునామాలు కూడా రాసేశారు. సూర్యుడు కనబడి రెండు నెలలు కావస్తోంది. నావికుల కాళ్లు వాచాయి, ముఖాలు పాలిపోయాయి, నాలుగడుగులు వేస్తే గుండె దడ. అప్పుడు ఆ ఓడలో అందరూ ఎవరి మాట విన్నారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆయన నౌకాధికారి కాదు. ఓడ బయలుదేరినప్పుడు అందులో లేనే లేడు. దారిలో రియో డి జనీరోలో ఎక్కిన అమెరికన్ డాక్టరు ఫ్రెడరిక్ కుక్.

ఈ యాత్ర బెల్జియం నౌకాదళ లెఫ్టినెంట్ అడ్రియెన్ డి గెర్లాష్ కల. చందాలు పోగుచేశాడు, సోడా పరిశ్రమాధిపతి ఎర్నెస్ట్ సోల్వే లాంటి దాతల్ని ఒప్పించాడు, నార్వేలో తిమింగలాల వేటకు వాడే ‘పట్రియా’ అనే ఓడను కొని ‘బెల్జికా’ అని పేరు మార్చాడు. 1897 ఆగస్టు 16న ఆంట్‌వెర్ప్ రేవు నుంచి లంగరెత్తాడు. అప్పటికి ఆయనకు 31 ఏళ్లు. ఓడలో బెల్జియన్లు, నార్వేవాళ్లు, పోలండ్ శాస్త్రవేత్తలు ఆర్క్టోవ్‌స్కీ, డోబ్రోవోల్‌స్కీ, రుమేనియా జీవశాస్త్రవేత్త ఎమిల్ రాకోవిట్సా ఉన్నారు. ఫస్ట్ మేట్‌గా 25 ఏళ్ల నార్వే కుర్రాడు రోఆల్ అముండ్‌సెన్. దక్షిణ ధ్రువం మీద మొదట అడుగుపెట్టిన మనిషిగా ఆ పేరు లోకానికి తెలియడానికి ఇంకా పద్నాలుగేళ్లు ఉంది.

దక్షిణ అమెరికా కొసలోనే బోలెడు ఆలస్యమైంది. క్రమశిక్షణ తప్పిన కొందరిని పుంటా అరెనాస్‌లో దింపేయాల్సి వచ్చింది. 1898 జనవరిలో బీగిల్ జలసంధిలో ఓడ రాళ్లకు తట్టుకుని ఆగిపోయింది. చివరికి 19 మందితో దక్షిణానికి తిరిగారు. జనవరి 22న తుపానులో కార్ల్ వీంకే అనే కుర్ర నావికుడు సముద్రంలో పడి పోయాడు. ఆ తర్వాతి మూడు వారాలు మాత్రం అద్భుతంగా గడిచాయి. ఇప్పుడు గెర్లాష్ జలసంధి అని పిలిచే ఆ దారిలో ఇరవైసార్లు ఒడ్డున దిగి పటాలు గీశారు, రాళ్లూ మొక్కలూ పోగుచేశారు. రాకోవిట్సాకు దొరికిన రెక్కల్లేని చిట్టి ఈగకు ‘బెల్జికా అంటార్కటికా’ అని ఓడ పేరే స్థిరపడింది. అంటార్కిటికాలో పూర్తిగా నేల మీదే బతికే జంతువుల్లో అన్నిటికన్నా పెద్దది ఆ ఈగే!

అంతటితో వెనక్కి తిరిగితే గౌరవంగానే ఉండేది. వేసవి అయిపోతోంది, శాస్త్రవేత్తలు వద్దంటున్నారు. అయినా ఫిబ్రవరి 28న తుపాను మంచులో చీలికలు తెరిస్తే, డి గెర్లాష్ ఓడను అందులోకి తోలాడు. మార్చి మొదటి వారానికల్లా బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రం గడ్డకట్టి ఓడను బిగించేసింది. చలికాలమంతా అక్కడ గడపడానికి అందరికీ సరిపడా బట్టలు కూడా లేవు. నలుగురిని ఒడ్డున దింపి మిగిలినవాళ్లు తిరిగి వచ్చేయాలన్నది మొదటి ప్రణాళిక, ఉన్నిబట్టలూ ఆ లెక్కకే ఉన్నాయి.

ఇది పొరపాటున జరిగిందంటే నేను నమ్మను. జనం సొమ్ముతో వెళ్లినవాడు చెప్పుకోదగ్గ రికార్డు లేకుండా ఇంటి ముఖం చూడడం అవమానం అనుకున్నాడు. మంచుకన్నా బ్రస్సెల్స్ పత్రికలకే ఎక్కువ భయపడ్డాడు.

మే నెల మధ్యలో సూర్యుడు అస్తమించాడు, మళ్లీ కనబడింది జులై చివర్లో. డబ్బాల్లోని మెత్తటి మాంసపు ముద్దలు, చేప ముద్దలు తిని తిని అందరికీ వెగటు పుట్టింది. వంటకు పెట్టుకున్న మనిషికి వంట రాదు. జూన్ 5న గుండెజబ్బుతో శాస్త్రవేత్త ఎమిల్ డాంకో కన్నుమూశాడు. మంచుకు కన్నం చేసి శవాన్ని సముద్రంలోకి వదిలారు. అందరూ ముద్దుచేసిన పిల్లి నాన్సెన్ కూడా ఆ నెలలోనే పోయింది. టోలెఫ్‌సెన్ అనే నావికుడు తోటివాళ్లు తనను చంపేస్తారన్న అనుమానంతో చీకటి మూలల్లో దాక్కోవడం మొదలుపెట్టాడు. తర్వాత ఇంటికి చేరినా ఆ మనిషి కోలుకోలేదు.

ఓడలోవాళ్లను పట్టిన జబ్బు స్కర్వీ. విటమిన్ సి అన్న పేరు కూడా పుట్టని కాలమది. కుక్ మాత్రం 1891-92లో ధ్రువాన్వేషకుడు పియరీ యాత్రతో గ్రీన్‌లాండ్‌లో చలికాలం గడిపాడు. కూరగాయలు కంటికి కనబడని ఆ దేశంలో ఇన్యుయిట్‌లు పచ్చి మాంసం తిని ఆరోగ్యంగా ఉండడం చూశాడు. ఓడ చుట్టూ మాంసానికి కరువు లేదు, పెంగ్విన్‌లూ సీల్‌లూ ఉన్నాయి. అడ్డు కమాండరే. ఆ చేపనూనె వాసన డి గెర్లాష్‌కు పడదు. తాను తినకపోగా ఆ మాంసాన్ని బల్ల మీద పెట్టనివ్వలేదు కూడా. పెద్దాయన ముఖం చిట్లిస్తే కిందివాళ్లు ఎందుకు తింటారు?

కుక్ వాదనకు దిగలేదు. దీన్ని తిండి అనుకోవద్దు, మందు అనుకోండన్నాడు. మంచం పట్టిన కెప్టెన్ లెకోయింట్ ముందుగా ఒప్పుకున్నాడు. డబ్బా తిండి బంద్, సగం ఉడికిన పెంగ్విన్ మాంసం, పాలు, రోజుకో గంట బట్టలు విప్పి మండే పొయ్యి ముందు నిలబడడం. వేడీ వెలుతురూ ఒంటికి తగలడమే వైద్యమని కుక్ నమ్మకం. పొయ్యి స్కర్వీని తగ్గించదని ఇవాళ మనకు తెలుసు, పని చేసింది మాంసమే. కానీ రెండు నెలల చీకటిలో ఉన్నవాడికి ఎర్రటి వెలుగులో గంటసేపు నిలబడితే మనసుకు ఏమవుతుందో అది వేరే లెక్క. లెకోయింట్ లేచి తిరగడం చూశాక మిగతావాళ్లకు నచ్చజెప్పాల్సిన పని తప్పింది. చివరికి కమాండరూ ముక్క నోట పెట్టాడు, ఆయనా లేచాడు.

ఆరోగ్యం కుదుటపడ్డాక అహాలు బయటపడ్డాయి. డి గెర్లాష్, లెకోయింట్‌లకు ఏమన్నా అయితే నాయకత్వం తనకు కాక మరో బెల్జియన్‌కే వెళ్లేలా ముందే ఒప్పందం ఉందని నవంబరులో అముండ్‌సెన్‌కు తెలిసింది. మంచు మధ్యలోనే రాజీనామా లేఖ రాశాడు. దిగిపోవడానికి రేవు లేదు కాబట్టి పని మాత్రం మానలేదు.

వేసవి వచ్చినా మంచు వదల్లేదు. ఇంకో చలికాలమంటే చావే. ఓడకు ఆరేడు వందల మీటర్ల దూరంలో నీటి మడుగు కనిపిస్తోంది. మంచులో చాళ్లు తవ్వితే ఎండకు కరిగి చీలుతుందన్నాడు కుక్. అది పారలేదు. అయితే రంపాలతో కాలువ కోద్దామన్నాడు. తెచ్చుకున్న టోనైట్ పేలుడు మందు చలికి సరిగా పేలలేదు. జనవరిలో మొదలుపెట్టి శాస్త్రవేత్తలూ నావికులూ కలిసి వంతులవారీగా రాత్రీపగలూ కోశారు. ఒకసారి మంచు కదిలి, కోసిన దారే మూసుకుపోయింది. ఫిబ్రవరి 15న ఎట్టకేలకు ఓడ కదిలింది. మంచు అంచున ఇంకో నెల ఆగాల్సి వచ్చింది. అలలకు గడ్డలొచ్చి ఓడను గుద్దుతుంటే, తిని దాచిన పెంగ్విన్ చర్మాలను పక్కలకు వేలాడదీసి కాపాడుకున్నారు. 1899 మార్చి 14న బయటపడ్డారు, 28న పుంటా అరెనాస్ చేరారు. పదిహేడు మంది. దక్షిణ ధ్రువ వలయం లోపల చలికాలం గడిపి వచ్చిన మొదటి మనుషులు వాళ్లే.

డి గెర్లాష్‌ను చేతకానివాడని తేల్చేయడం సులువు. కానీ తన మాట చెల్లని చోట డాక్టరు మాట చెల్లుతుంటే ఆయన అడ్డుపడలేదు, కాలువ తవ్వకానికి సరేనన్నాడు.

కుక్ కథే మింగుడుపడదు. 1906లో మెకిన్లీ శిఖరం ఎక్కానన్నాడు, అది అబద్ధమని తేలింది. 1908లో ఉత్తర ధ్రువం చేరానన్నాడు, రుజువు చూపలేకపోయాడు. 1923లో చమురు వాటాల మోసం కేసులో జైలుశిక్ష పడింది. కళ్లముందు లేనిదాన్ని ఉందని నమ్మించగల నేర్పు బెల్జికాలో ప్రాణాలు నిలబెట్టింది, టెక్సాస్‌లో మదుపరుల సొమ్ము ముంచింది. రెండూ ఒకే మనిషివి. మొదటిది మంచి కుక్, రెండోది చెడ్డ కుక్ అని విడదీయడం నాకైతే సాధ్యం కాలేదు.

1926 జనవరిలో అముండ్‌సెన్ లెవెన్‌వర్త్ జైలుకు వెళ్లి కుక్‌ను కలిశాడు. బయటికొచ్చి ఆయన గురించి పత్రికలవాళ్లతో సానుభూతిగా మాట్లాడాడు. ఆ మాటలు అచ్చవడంతో నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ అముండ్‌సెన్ ఉపన్యాసాన్ని రద్దు చేసింది. మరుసటి ఏడు ఆయన ఆత్మకథ వెలువడింది. బెల్జికా అధ్యాయంలో కుక్‌ను ఎక్కడా తక్కువ చేయలేదు.