ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళికలు

ప్రభుత్వ అభివృద్ధి నిధుల్లో షెడ్యూల్డు కులాలకు, తెగలకు జనాభా దామాషాలో వాటా తీసి, ఆ సొమ్మును వారి కోసమే ఖర్చు చేసే బడ్జెటు విధానం. వాడుకలో ‘సబ్‌ప్లాన్’ అంటారు.

ఊరి చివర వాడలను, అడవి గూడేలను శతాబ్దాల పాటు పాలకులు పట్టించుకోలేదు. బలహీన వర్గాల విద్యా, ఆర్థిక ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని రాజ్యాంగం 46వ అధికరణ నిర్దేశించింది. అయినా తొలి నాలుగు పంచవర్ష ప్రణాళికల్లో వీరికి దక్కింది ప్రధానంగా సంక్షేమ పద్దు కింది స్వల్ప మొత్తమే. సాగునీరు, విద్యుత్తు, పరిశ్రమల వంటి పెద్ద పద్దుల ఫలితం వాడదాకా రాలేదు.

ఐదో ప్రణాళికలో, 1974-75 నుంచి, గిరిజన ఉప ప్రణాళిక మొదలైంది. దాని అమలుకు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) ఏర్పడ్డాయి. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు సంస్థలు తెలుగువారికి సుపరిచితం.

షెడ్యూల్డు కులాలకు ఇలాంటి ఏర్పాటు 1979-80లో ‘ప్రత్యేక అంశ ప్రణాళిక’ పేరుతో వచ్చింది. దీని రూపశిల్పి, అప్పుడు కేంద్ర హోంశాఖలో సంయుక్త కార్యదర్శిగా ఉన్న పి.ఎస్. కృష్ణన్ (1932-2019). తిరువనంతపురంలో పుట్టి ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో పనిచేసిన ఈ నిబద్ధుడైన అధికారి, దళితవాడల్లోనే మకాం వేసి రెవెన్యూ పనులు జరిపించేవారు. 1980 మార్చిలో ప్రధాని ఇందిరాగాంధీ ఈ ప్రణాళికపై ముఖ్యమంత్రులకు లేఖలు రాశారు. నిధులు మళ్ళించరాదు, మురిగిపోనివ్వరాదు అన్నవి దీని మూల సూత్రాలు. బడ్జెటులో ఎస్సీలకు 789, ఎస్టీలకు 796 ఉపపద్దులు కేటాయించారు.

సూత్రాలకు చట్టబలం లేకపోవడంతో మళ్ళింపు ఆగలేదు. ఢిల్లీలో ఈ నిధులు కామన్వెల్త్ క్రీడలకు వెళ్ళిన సంగతి 2010లో పార్లమెంటులో చర్చకు వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత, గిరిజన సంఘాలు చట్టం కోసం పట్టుదలగా ఉద్యమించాయి. మాజీ ప్రధాన కార్యదర్శి కాకి మాధవరావు, పాత్రికేయుడు మల్లెపల్లి లక్ష్మయ్య వంటివారు ముందు నిలిచారు. ఫలితంగా ముఖ్యమంత్రి ఎన్. కిరణ్‌కుమార్ రెడ్డి హయాంలో 2012 డిసెంబరులో శాసనసభ బిల్లును ఆమోదించగా, అది 2013లో 1వ చట్టంగా వెలువడింది. సబ్‌ప్లాన్‌కు దేశంలో ఇదే మొదటి చట్టం. వ్యక్తికి, కుటుంబానికి, వాడకు నేరుగా మేలు చేసే పథకాలకే నిధులన్నది దీని ప్రధానాంశం. అధికారుల విచక్షణలో ఉన్న వాటా అప్పటినుంచి హక్కుగా మారింది.

కర్ణాటక అదే ఏడాది ఈ బాట పట్టింది. అయితే అక్కడి చట్టంలోని 7(డి) నిబంధన, అందరికీ చెందే నిర్మాణాల ఖర్చులో కొంత ఈ పద్దులో చూపే వీలు కల్పించింది. దాన్ని 2023లో తొలగించారు. కేంద్రంలో 2017-18 నుంచి ప్రణాళిక, ప్రణాళికేతర వ్యయాల విభజన పోవడంతో ఉప ప్రణాళికల పాత లెక్క మారిపోయింది. కేంద్ర స్థాయిలో ఇప్పటికీ ఇలాంటి చట్టం లేకపోవడం పెద్ద లోటు.

రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది. ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏడాదికి కలపడం అందులోని మెచ్చదగిన అంశం. ఆంధ్రప్రదేశ్‌లో చట్టానికి ఉన్న పదేళ్ళ గడువు 2023 జనవరిలో ముగియనుండగా, ప్రభుత్వం దాన్ని మరో పదేళ్ళకు పొడిగించింది.