దద్దురు కథ: దురదగొండి నుండి హిస్టమిన్ వరకు

కాకినాడకు ఈశాన్యమున సముద్రపుటొడ్డున ఉన్న ఉప్పాడ జమ్‌దానీ నేతకును, చేపల వేటకును పేరు పొందిన గ్రామము. ఈ తీరపు ప్రజలకు పరదేశ ప్రయాణము కొత్త కాదు. ఒకప్పుడు కోరంగి, కాకినాడ రేవులలో ఓడ ఎక్కి బర్మా పోయినవారు అనేకులు. అక్కడ వారికి ‘కోరంగీలు’ అను పేరే స్థిరపడినది. నేడు గోదావరి జిల్లాల నుండి కువైట్, కతార్, ఒమాన్ మొదలగు దేశములకు పనికి పోయినవారు వేల సంఖ్యలో ఉన్నారు. పరాయి దేశమున ప్రాణము మీదికి వచ్చిన జబ్బుకు ఆసుపత్రిలో చేర్చుకొందురు. కాని ప్రాణము తీయక, పని చేయనీయక, రాత్రి నిద్ర పోనీయక నెలల తరబడి వేధించు జబ్బు వచ్చినచో ఎవరికి చూపవలెను? ఎంత ఖర్చు పెట్టవలెను?

దీర్ఘకాలిక దద్దుర్లు అట్టి జబ్బు. చర్మముపై ఎఱ్ఱగా, ఉబ్బుగా, దురదతో లేచు దద్దురు సాధారణముగా ఇరువది నాలుగు గంటలలోపల మచ్చ కూడ మిగుల్చక అణగిపోవును. మరియొకచోట కొత్తది లేచును. ఇట్లు ఆరు వారములకు మించి సాగినచో దానిని దీర్ఘకాలికమందురు. నూటికి సుమారు ఒకరు ఏదో ఒక సమయమున దీనితో బాధపడుచుందురు. దీని చరిత్ర తెలిసినవారికి ఏ ఖర్చు అవసరమో, ఏది వృథాయో తేలికగా బోధపడును.

పూర్వుల పరిశీలన

మన వైద్య గ్రంథములలో ‘మాధవ నిదానము’ ఈ వ్యాధిని శీతపిత్తము, ఉదర్దము, కోఠము అను పేర్లతో వర్ణించినది. చల్లగాలి తగులుట ఒక కారణమనియు, కందిరీగ కుట్టినట్లు ఉబ్బులు లేచుననియు అందు చెప్పబడినది. మరల మరల వచ్చు దానికి ఉత్కోఠమని వేరు పేరు పెట్టిరి. చలికి దద్దుర్లు లేచువారు ఉన్నారను సంగతిని నేటి వైద్యులును అంగీకరింతురు. ఆ పరిశీలన ఎంత సూక్ష్మమైనదో దీనిని బట్టి తెలియగలదు.

ఐరోపా వైద్యులు దీనికి ‘అర్టికేరియా’ అని పేరు పెట్టిరి. ‘అర్టికా’ అనగా లాటిన్ భాషలో మన దురదగొండివలె తాకగనే మంట, దురద పుట్టించు ఒక మొక్క. ఆ మొక్క నూగులో ఉన్న పదార్థములలో ఒకటి హిస్టమిన్ అని 20వ శతాబ్దమున తేలినది. పేరు పెట్టినవారికి తెలియకపోయినను ఆ పేరులోనే అసలు రహస్యము దాగియున్నది.

హిస్టమిన్ బయటపడుట

హిస్టమిన్‌ను 1907లో జర్మనీలో విండౌస్, ఫోగ్ట్ అనువారు ప్రయోగశాలలో తయారుచేసిరి. అప్పటికి అది కేవలము ఒక రసాయనము. 1910 నుండి ఇంగ్లండులో హెన్రీ డేల్, లైడ్‌లా అనువారు జంతువుల శరీరముపై దాని ప్రభావమును పరిశీలించిరి. 1920 తరువాతి సంవత్సరములలో లండన్ వైద్యుడు థామస్ లూయిస్ మనుష్యుల చర్మముపై మొద్దు కొనతో గట్టిగా గీచి, ఏమి జరుగునో చూచెను. మొదట ఎఱ్ఱని గీత, పిదప దాని చుట్టు ఎఱ్ఱదనము, చివరకు ఉబ్బు ఏర్పడినవి. చర్మములోనికి హిస్టమిన్ ఎక్కించినను ఇదే వరుస కనబడినది. కావున గాయపడిన చర్మము హిస్టమిన్ వంటి పదార్థమును విడుదల చేయుచున్నదని ఆయన ఊహించెను.

ఆ పదార్థము ఎక్కడ నిలువయుండును? 1878లోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్, రంగులు పట్టించి చూచినప్పుడు రేణువులతో నిండి కనబడు కణములకు మాస్ట్ కణములని పేరు పెట్టియుండెను. వాటి పని ఏమో డెబ్బదియేండ్లు ఎవరికిని తెలియలేదు. 1952-53లో స్కాట్లండులోని డండీ నగరమున రైలీ, వెస్ట్ అనువారు హిస్టమిన్ ఆ రేణువులలోనే ఉన్నదని నిరూపించిరి. మాస్ట్ కణము రేణువులను విడిచినప్పుడు కేశనాళికలు వ్యాకోచించి, వాటి గోడల సందుల నుండి ద్రవము స్రవించును. ఆ ద్రవమే ఉబ్బు.

చేపపై నింద

దద్దురు లేవగనే “ఏమి తిన్నావు?” అని అడుగుట మన అలవాటు. ఉప్పాడ వంటి ఊరిలో మొదటి నింద చేపపై పడును. ఇందులో కొంత నిజము లేకపోలేదు. కానాగంత, సూర వంటి చేపలను పట్టిన వెంటనే మంచులో పెట్టకున్నచో సూక్ష్మజీవులు వాటి మాంసములోని హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చును. వండినను అది నశింపదు. అట్టి చేప తిన్నవారికి ముఖము ఎఱ్ఱబడి, దద్దుర్లవంటివి లేచి, కొన్ని గంటలలో తగ్గును. అది చేప పడకపోవుట కాదు, నిలువ చేయుటలోని లోపము.

నిజముగ ఆహారము పడనివారును కలరు. దానికి కారణమైన ‘ఐజిఇ’ అను ప్రతిరక్షకమును 1966-67లో అమెరికాలో ఇషిజకా దంపతులును, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్‌లును వేర్వేరుగ గుర్తించిరి. ఇట్టి దద్దుర్లు తిన్న కొద్దిసేపటికే వచ్చి, ఒకటి రెండు రోజులలో పోవును.

నెలల తరబడి వచ్చు దద్దుర్ల సంగతి వేరు. 1993లో లండన్‌లో హిడే, గ్రీవ్స్ మొదలగువారు ఇట్టి రోగులలో కొందరి రక్తమున, వారి మాస్ట్ కణములనే రెచ్చగొట్టు ప్రతిరక్షకములు ఉన్నట్లు చూపిరి. అనగా చాలమంది విషయమున శత్రువు పళ్ళెములో లేడు, శరీరములోనే ఉన్నాడు. అందుచేత పదుల కొలది ఆహార పదార్థములకు ఖరీదైన అలెర్జీ పరీక్షలు చేయించుట, చేప, గ్రుడ్డు, వంకాయ అన్నియు మాని చిక్కిపోవుట సాధారణముగా నిష్ప్రయోజనము. మొదట కొద్దిపాటి రక్తపరీక్షలే చాలునని నేటి వైద్య నియమములు చెప్పుచున్నవి.

మందు చౌక అయిన విధము

హిస్టమిన్‌ను ఎదుర్కొను మొదటి పదార్థమును 1937లో పారిస్‌లో డేనియల్ బోవే, స్టౌబ్ అనువారు కనుగొనిరి. అది విషప్రాయమగుటచే వాడలేకపోయిరి. 1942లో హాల్పెర్న్ పరీక్షించిన ఆంటెర్గాన్ రోగులకు పనికివచ్చినది. బోవేకు 1957లో నోబెల్ బహుమానము లభించెను. కాని ఆనాటి మందులు మెదడునకు చేరి మత్తు కలిగించెడివి. యంత్రముల వద్ద పనిచేయువారికి, బండి నడుపువారికి అవి ప్రమాదము. 1987లో వాడుకకు వచ్చిన సెటిరిజిన్ మెదడునకు తక్కువగా చేరుటచే మత్తు తక్కువ.

ఇచ్చట మనకు ఆసక్తి కలిగించు విషయ మొకటి కలదు. సెటిరిజిన్ అణువులో నాలుగు కార్బన్, రెండు నత్రజని పరమాణువులు గల ‘పిపరజీన్’ వలయము ఉన్నది. భీమవరమున పుట్టి అమెరికాలో పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు బృందము 1947లో వెల్లడించిన బోదకాలు మందు డైఇథైల్‌కార్బమజీన్‌లోను ఇదే వలయము కలదు. ఒకే వలయమునకు వేర్వేరు తోకలు తగిలించి వేర్వేరు వ్యాధులను ఎదుర్కొనుట రసాయన శాస్త్రపు చమత్కారము.

1972లో అమలులోనికి వచ్చిన మన పేటెంటు చట్టము, మందునకు గాక తయారీ పద్ధతికి మాత్రమే హక్కు ఇచ్చెను. 2005 వరకు సాగిన ఈ ఏర్పాటువలన మన పరిశ్రమలు వేరు పద్ధతులతో అవే మందులను చౌకగా తయారుచేయగలిగెను. నేడు సెటిరిజిన్ మన జాతీయ ఆవశ్యక ఔషధముల పట్టికలో ఉన్నది. కావున దాని ధరకు ప్రభుత్వము గరిష్ఠ పరిమితి విధించును.

పరాయి దేశమున ఏమి చేయవలెను?

కువైట్‌లో 2017 అక్టోబరున విదేశీయుల వైద్య రుసుములను పెంచినప్పుడు, ఆసుపత్రిలో నిపుణుని చూచుటకు 10 దీనారములు నిర్ణయించిరి. అది నాటి లెక్కలో రెండువేల రూపాయలకు పైమాట. మన ప్రభుత్వము 2003లో ప్రారంభించిన ప్రవాసీ భారతీయ బీమా యోజన 2017 నాటి సవరణ ప్రకారము లక్ష రూపాయల వరకు వైద్యవ్యయము నిచ్చును. కాని అది ఆసుపత్రిలో చేరినవారికి. దద్దుర్ల రోగి చేరడు, వచ్చి పోవుచుండును.

కనుక మొదటి మెట్టు నిపుణుడు కానక్కరలేదు, సాధారణ వైద్యుడు చాలును. దద్దురు అణగకముందే ఫొటో తీసి ఉంచుకొనవలెను. వైద్యుని ముందు కూర్చున్నప్పుడు అది కనబడకపోవచ్చును. మందు కంపెనీ పేరు కాక అసలు పేరు గుర్తుంచుకొన్నచో ఏ దేశమందైనను అడుగవచ్చును. మాత్రను దురద లేచినప్పుడే గాక ప్రతిదినము వేసికొనవలెను. రెండు నుండి నాలుగు వారములలో గుణము లేకున్న వైద్యుడు మోతాదును క్రమముగ నాలుగింతల వరకు పెంచవచ్చును. ఆ పని సొంతముగ చేయరాదు. త్వరగా అణచునని స్టెరాయిడ్ మాత్రలను నెలల తరబడి మ్రింగుట హానికరము.

ఇన్నిటికిని లొంగనివారికే నిపుణుడు, ‘ఒమాలిజుమాబ్’ సూదిమందు అవసరమగును. 2014లో దీనిని ఈ వ్యాధికి అనుమతించిరి. నాలుగు వారముల కొకసారి ఇచ్చు ఈ మందు చాల ఖరీదు. దానికి సాటియైన వేరొక తయారీని ఐరోపాలో 2024లోను, అమెరికాలో 2025లోను అనుమతించిరి. ధర దిగుటకు ఇది తొలి మెట్టు కావచ్చును.

ఒక్క హెచ్చరిక. నాలుక, గొంతు వాచినను, ఊపిరి ఆడకున్నను రుసుము సంగతి ఆలోచింపక వెంటనే అత్యవసర విభాగమునకు పోవలెను.

ఉపాధ్యాయులు హిస్టమిన్ పాఠము చెప్పునప్పుడు ఈ సంగతులను కూడ చెప్పినచో మేలు. తరగతిలో వినుచున్న బాలబాలికల ఇండ్లలో ఒకరిద్దరైనను సముద్రమునకు ఆవల ఉందురు. పిల్లలు వ్రాయు జాబులోనో, ఫోనులోనో ఈ నాలుగు మాటలు వారికి చేరినచో, ఒక నెల జీతము మిగులవచ్చును, అనేక రాత్రుల నిద్ర దక్కవచ్చును.