మంచినీళ్ళ తొట్టి

హైదరాబాద్‌లో మా బాబాయి పెంచుకున్న నియాన్ చేపలు ఒక్క రాత్రిలో అన్నీ పోయాయి. నిర్లక్ష్యం వల్ల పోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఆయనంత శ్రద్ధగా తొట్టిని చూసుకున్న మనిషిని నేనెరగను.

రిటైరయ్యాక కొన్నారు ఆ రెండున్నర అడుగుల తొట్టి. చేపలు కూడా ఇప్పుడే పట్టుకెళ్ళమని షాపువాడు ఎంత చెప్పినా వినలేదు. కృష్ణా నీళ్ళు పట్టి, క్లోరిన్ విరుగుడు చుక్కలు వేసి, ఫిల్టర్ నడిపిస్తూ, చేపలే లేని తొట్టిలో రోజూ చిటికెడు మేత చల్లేవారు. పిన్ని నవ్వేది. ఆ మేత కుళ్ళి అమ్మోనియా పుట్టాలి. దాని మీద బతికే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ళ మీద కుదురుకోవాలి. వాటిలో ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారిస్తే, మరో రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. 1890 ప్రాంతంలో ఇలాంటి సూక్ష్మజీవులను మట్టిలోంచి వేరుచేసి చూపినవాడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ. కొత్త తొట్టిలో అవి నిలదొక్కుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బాబాయి అన్నాళ్ళూ ఆగారు.

అప్పుడొచ్చాయి నియాన్లు. చిటికెన వేలిలో సగం కూడా ఉండవు. కంటి దగ్గర మొదలై వీపు పొడవునా వెలిగే నీలి గీత, దాని కింద తోకదాకా ఎర్రటి పట్టీ. గుంపంతా ఒక్కసారి మలుపు తిరిగితే ఆ మూల గదికే వెలుగొచ్చేది. వాటి సొంత ఊరు పశ్చిమ అమెజాన్ ఏరులు. అక్కడి నీళ్ళలో ఖనిజ లవణాలు బహు తక్కువ, కాస్త ఆమ్లగుణం ఉంటుంది. ఇది చదివిన దగ్గర్నుంచి బాబాయికి అద్దం అంచున పేరుకునే తెల్లచార మీద కన్నుపడింది. ఇంట్లో ఆర్వో ఫిల్టర్ ఉంది. తాము తాగే నీళ్ళే చేపలకూ అనుకున్నారు. ఆ రోజు నుంచి నీళ్ళు మార్చినప్పుడల్లా ఆర్వో నీళ్ళే.

నెలల తరబడి అంతా బాగానే ఉంది. కంటికి కనపడనిది ఒకటే: బ్యాక్టీరియా అమ్మోనియాను మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. దాన్ని విరిచేవి నీళ్ళలోని బైకార్బొనేట్లు. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్ అయ్యేసరికి సుమారు 7 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సరిపడా క్షారగుణం ఖర్చవుతుంది. కృష్ణా నీళ్ళతో వచ్చిన ఆ నిల్వ నెమ్మదిగా కరిగిపోయింది. ఆర్వో నీళ్ళలో అది దాదాపు ఉండదు కనుక తిరిగి చేరేదీ లేదు. పీహెచ్ ఆరుకు దిగేసరికి బ్యాక్టీరియా పని దాదాపు ఆగిపోయింది. అమ్మోనియా పేరుకుంటూనే ఉంది. అయితే ఆమ్లపు నీళ్ళలో అది దాదాపు అంతా అమ్మోనియం రూపంలో ఉంటుంది. ఆ రూపం చేపలను అంతగా బాధించదు. అందుకే అవి ఆ నీళ్ళలోనే ఈదుతూ, తింటూ బతికాయి.

ఎండాకాలంలో చేపలు కాస్త డల్‌గా కనిపించాయి. సగం నీళ్ళు మార్చమన్నాడు షాపువాడు. ఆ వారం ఆర్వో మిషన్ రిపేరు, నల్లా రావడం లేదు. సాయంత్రం పూట బాబాయి తొట్టిలో సగం నీళ్ళు బకెట్లలోకి తోడి, బోరు నీళ్ళు పోశారు. తేటగా, చల్లగా ఉన్న నీళ్ళు. రాత్రి పది గంటలకు చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఎయిర్ పంపు కూడా పెట్టారు. తెల్లారేసరికి ఒక్కటీ లేదు. ఆ నీలి గీతలు తెల్లబారి ఉన్నాయి.

పొద్దున్నే టెస్ట్ కిట్ పట్టుకుని వెళ్ళాను. తోడిన పాత నీళ్ళు కరివేపాకు మొక్కకని పిన్ని బకెట్లోనే ఉంచింది. అందులో చుక్కలు వేస్తే పీహెచ్ గొట్టం లేత పసుపు, అంటే ఆరు లేదా ఇంకా తక్కువ. అమ్మోనియా గొట్టం ముదురాకుపచ్చ. తొట్టి నీళ్ళలో పీహెచ్ ఏడున్నర, అమ్మోనియా రంగు మాత్రం లేత. మొత్తం అమ్మోనియా సగానికి తగ్గింది, చేపలు చచ్చిపోయాయి. పీహెచ్ ఒక అంకె పెరిగితే అమ్మోనియాలోని విషపు భాగం దాదాపు పదింతలవుతుంది. ఆరు నుంచి ఏడున్నరకు ఎగబాకితే ముప్పై రెట్లు. బోరు నీళ్ళలో విషం లేదు. తొట్టిలో నెలలుగా నిద్రపోతున్నదాన్ని లేపాయి అవి.

ముందు ఆర్వో నీళ్ళతోనే ఆ అమ్మోనియంను తోడేసి, మేత ఆపి, తర్వాత రోజుకో చెంబెడు బోరు నీళ్ళు కలుపుతూ పోతే నియాన్లు బతికేవి. అడిగారు కాబట్టి దాచలేక చెప్పాను.

“ఎన్నాళ్ళు పట్టేదిరా?” అన్నారు బాబాయి.

“పది రోజులు పట్టేదేమో బాబాయ్.”

“పది రోజులేగా! నాకేం తొందరుందిరా” అన్నారు.