ఆపకుండా నాడి పట్టడం

ప్రోగ్రామ్ నెమ్మదించింది అనగానే దాన్ని రాసినవాళ్ళ మనసులో ఒక ముద్దాయి సిద్ధంగా ఉంటాడు. "ఆ ఫంక్షన్ వల్లే అయ్యుంటుంది" అంటారు. చాలాసార్లు అది తప్పుడు కేసు.

1971లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ డొనాల్డ్ కనూత్ ఫోర్ట్రాన్ ప్రోగ్రాముల మీద ఒక పేపర్ ప్రచురించారు. జనం నిజంగా వాడుకుంటున్న ప్రోగ్రాములు తెచ్చి, ఏ వాక్యం ఎన్నిసార్లు నడుస్తోందో లెక్కగట్టారు. సాధారణంగా ఒక ప్రోగ్రామ్‌లో 4 శాతం కన్నా తక్కువ భాగమే సగానికి పైగా సమయాన్ని తినేస్తోందని తేలింది. తమాషా ఏంటంటే, ఈ లెక్కలు కట్టే ప్రోగ్రామ్‌ని దాని మీదే ప్రయోగిస్తే, దాని సమయంలో చాలా భాగం రెండే రెండు లూపుల్లో పోతోందని బయటపడింది. గంటలోపు పనితో వేగం రెట్టింపయింది. కనూత్ అంతటి వాళ్ళకే చూసేదాకా తెలియలేదన్నమాట. సమయం ఎక్కడ ఖర్చవుతోందో ఇలా చెప్పే పనిముట్టే ప్రొఫైలర్.

దీని చరిత్రని ఎక్కువ చూడటం నేర్చుకున్న కథగా చెప్తుంటారు. నాకు మాత్రం ఇది తక్కువ ఇబ్బంది పెడుతూ చూడటం నేర్చుకున్న కథలా కనిపిస్తుంది.

1982లో బర్క్‌లీకి చెందిన సూసన్ గ్రాహం, పీటర్ కెస్లర్, మార్షల్ కిర్క్ మెక్‌క్యుసిక్ జీప్రొఫ్‌ని పరిచయం చేశారు. ఒక ఫంక్షన్ ఎంత సమయం తీసుకుందో చెప్పి ఊరుకోదు, దాన్ని ఎవరు పిలిచారో కూడా చెబుతుంది. వంటమాస్టర్ని తిట్టేముందు అన్ని ఆర్డర్లు ఎవరిచ్చారో చూడటం లాంటిది. కాకపోతే ఒక మెలిక ఉంది. ప్రోగ్రామ్‌ని దీనికోసం ప్రత్యేకంగా మళ్ళీ కంపైల్ చేయాలి. రిపోర్టేమో ప్రోగ్రామ్ సవ్యంగా ముగిశాకే వస్తుంది. నెలల తరబడి ఆగకుండా నడవాల్సిన సర్వర్‌కి ఇది నాడి పట్టడం కాదు, పోస్టుమార్టం. పైగా ఆపి మళ్ళీ మొదలుపెడితే జబ్బు లక్షణమే మాయమవుతుంది. డీబగ్గర్ని నడుస్తున్న ప్రాసెస్‌కి అతికించే వీలున్నా, అతికించగానే అది ప్రాసెస్‌ని ఆపేస్తుంది. టికెట్లు అమ్ముతున్న సర్వర్‌ని అలా ఆపితే అవతల జనం ఊరుకుంటారా?

1997లో డిజిటల్ కంపెనీ ఇంజినీర్లు దీనికో దారి చూపించారు. ప్రతిదీ లెక్కపెట్టడం మానేసి, సెకనుకి కొన్ని వేలసార్లు ప్రాసెసర్ వైపు తొంగిచూసి, ఆ క్షణంలో ఏ ఇన్‌స్ట్రక్షన్ నడుస్తోందో రాసుకున్నారు. ప్రోగ్రామ్‌ని ముట్టుకోనక్కర్లేదు, మళ్ళీ కంపైల్ చేయక్కర్లేదు. యంత్రం మీద అదనపు భారం 1 నుంచి 3 శాతం. ఇంకో జాగ్రత్త నాకు భలే నచ్చింది: రెండు చూపుల మధ్య విరామాన్ని కావాలనే మారుస్తూ పోయారు. ఇన్విజిలేటర్ సరిగ్గా పది నిమిషాలకోసారే తిరిగితే కాపీ కొట్టేవాళ్ళకి పండగే కదా. ఆ పేపర్ రచయితల్లో ఉన్న జెఫ్ డీన్, సంజయ్ ఘెమావత్ తర్వాత గూగుల్‌కి వెళ్ళారు. 2010లో ఆ కంపెనీ కూడా తన డేటా సెంటర్లలో ఇలాంటి నిరంతర ప్రొఫైలింగ్ గురించి పేపర్ ప్రచురించింది.

ఇక సన్ మైక్రోసిస్టమ్స్‌లో బ్రయన్ కాంట్రిల్, మైక్ షపీరో, ఆడమ్ లెవెంథాల్ తయారుచేసిన డీట్రేస్. 2005లో సొలారిస్ 10తో అందరికీ అందింది. నడుస్తున్న సిస్టమ్‌ని అప్పటికప్పుడు ఏదైనా ప్రశ్న అడగొచ్చు. అడగనప్పుడు భారం సున్నా. ఆ ప్రశ్నలు రాసే భాషలో కావాలనే లూపులు పెట్టలేదు. లూపు ఉంటే అది ఎప్పటికీ ముగియకపోవచ్చు, దాంతో చూడబోయిన సిస్టమే కూలిపోవచ్చు. పూర్తి స్వేచ్ఛని వదులుకుని నమ్మకాన్ని కొనుక్కున్నారు.

దానికి ఫలితం కూడా దక్కింది. చాలామంది కలిసి వాడుతున్న ఒక పెద్ద సర్వర్ ఎందుకు మందగించిందో వాళ్ళు 2004 నాటి పేపర్లో వివరించారు. కెర్నెల్‌లో కనబడిన లక్షణాన్ని పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ పోతే, చివర్లో దొరికింది షేర్ల ధరలు చూపించే చిన్న ఆప్లెట్. అదీ కొద్దిమంది మాత్రమే తమ డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నది! దాన్ని ముందుగా ఎవరు అనుమానిస్తారు? టెస్టింగ్ యంత్రం మీద ఆ మనుషులూ ఉండరు, వాళ్ళ ఆప్లెట్లూ ఉండవు. బతికున్న సిస్టమ్‌ని చూస్తేనే ఇలాంటివి దొరుకుతాయి.

అయితే చూపు ఇంత సులువయ్యాక ఇంకో సమస్య ముందుకొచ్చింది. 2009లో లినక్స్‌లోకి పర్ఫ్ వచ్చింది. ప్రాసెస్ నంబర్ ఇస్తే చాలు, రికార్డింగ్ మొదలవుతుంది. కానీ డీబగ్గర్లు వాడే పీట్రేస్ లాంటి దారిలో ఒక ప్రాసెస్‌కి అతుక్కోగలిగినవాడు దాని మెమరీ కూడా చదవగలడు. పాస్‌వర్డులూ తాళంచెవులూ ఉండేది అక్కడే. అందుకే 2010లో ఉబుంటు 10.10 ఒక కట్టడి పెట్టింది: మామూలుగా ఒక ప్రాసెస్ తాను పుట్టించిన వాటికే అతుక్కోవాలి, వేరేవాటికి అతుక్కోవాలంటే ప్రత్యేక అధికారం కావాలి. 2012లో ఇదే కట్టడి యమా అనే మాడ్యూల్‌గా అసలు లినక్స్‌లోకి చేరింది.

ఈ కట్టడి వల్ల పనికి అడ్డమని విసుక్కునే ఇంజినీర్లు ఉన్నారు. ఆ విసుగు నాకు అర్థమవుతుంది గానీ, నేను కట్టడి పక్షమే. డీట్రేస్‌లో లూపులు తీసేయడం, ఉబుంటులో తలుపు మూయడం ఒకే ఆలోచనకి రెండు రూపాలు. మొదటిది చూపు వల్ల సిస్టమ్ దెబ్బతినకూడదంటుంది, రెండోది ఆ సిస్టమ్‌ని నమ్మి తమ రహస్యాలు అందులో పెట్టిన మనుషులు దెబ్బతినకూడదంటుంది. మొదటి సమస్యకి ఇంజినీర్లు చాలావరకు జవాబు చెప్పగలిగారు. రెండోదానికి జవాబు కోడ్‌లో సగమే ఉంది. ఆ ప్రత్యేక అధికారం ఎవరి చేతిలో పెట్టామన్నది మిగతా సగం.