పాత ఫౌంటెన్ పెన్నుల విడిభాగాలు

మూలపడ్డ ఫౌంటెన్ పెన్ను మళ్లీ రాయాలంటే అరిగినవి, విరిగినవి, పోయినవి మార్చాలి. పాళీ, దానికి సిరా అందించే నాలుక, లోపలి రబ్బరు ట్యూబు, మూత, క్లిప్పు ఇందులో ముఖ్యమైనవి. ఫ్యాక్టరీలో తయారైన పెన్నుకైతే విడిభాగం వెతకాలి. చేత్తో చేసిన పెన్నుకు చేయించుకోవాలి.

రెండో రకానికి పేరుపడ్డ ఊరు రాజమహేంద్రవరం. కోసూరి వెంకటరత్నం అక్కడ 1932లో మొదలుపెట్టిన రత్నం పెన్నులు స్వదేశీ ఉద్యమం నాటివి. తన సహచరుడు కుమారప్ప ద్వారా అందిన పెన్ను విదేశీ పెన్నులకు బదులుగా బాగానే పనికొస్తోందని గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. ఎబొనైట్ (గట్టి రబ్బరు) కడ్డీని లేత్ మీద చెక్కి, ఏ మూతకు ఆ గొట్టంతోనే జత కుదిరేలా మరలు కోస్తారు. అందుకే ఒకదాని మూత ఇంకోదానికి పట్టకపోవచ్చు. మూత పోతే మిగిలిన పెన్నంతా పనివాడి చేతికివ్వాల్సిందే, కొలతలు నోటితో చెబితే చాలదు. ఊరట ఏమిటంటే, డ్రాపరుతో సిరా పోసే పెన్నులు కాబట్టి లోపల పాడయ్యే యంత్రం లేదు. పాళీ, నాలుక సరిగ్గా కుదిరితే చాలామటుకు పని అయిపోయినట్టే.

ఫ్యాక్టరీ పెన్నుల్లో సాధారణంగా ముందు పాడయ్యేది రబ్బరు. మీట ఎత్తి సిరా పీల్చుకునే పాత షేఫర్ వంటి పెన్నుల్లో ట్యూబు కాలక్రమాన గట్టిపడి పెళుసుబారుతుంది. దాని సైజు అంగుళంలో 64వ వంతుల లెక్కన చెబుతారు: 16 నంబరంటే పావు అంగుళం. కొత్తదాన్ని లక్కతో అంటిస్తారు. వేడి తగిలితే లక్క మెత్తబడుతుంది కనుక మళ్లీ విప్పడానికి వీలుంటుంది. ఈ చోట సూపర్ గ్లూ వాడినవాడు ఆ పెన్నుకు శత్రువే.

1941లో వచ్చిన పార్కర్ 51 సంగతి వేరు. 1948 నుంచి వచ్చిన ఏరోమెట్రిక్ రకంలో ట్యూబు రబ్బరుది కాదు, ప్లాస్టిక్‌ది. చాలా పెన్నుల్లో అది ఇప్పటికీ పనిచేస్తోంది, కడిగితే చాలు. అదే పేరుతో 2021లో వచ్చిన కొత్త పెన్ను భాగాలు మాత్రం పాతదానికి సరిపడవు.

హొసూరు పక్కన, కర్ణాటక సరిహద్దునానుకుని ఉన్న జూజువాడి వంటి చోట పెన్నుల పనివాడి కోసం బెంగళూరు, చెన్నై వైపు చూడక తప్పదు. హైదరాబాదు వెళ్లే పనుంటే అబిడ్స్‌లోని దక్కన్ పెన్ స్టోర్స్‌లో అడగవచ్చు. జూజువాడి సిప్కాట్ పారిశ్రామికవాడ ఉన్న ఊరు కదా, అక్కడి లేత్ షాపులో మూత చేయించుకోవచ్చుగా అనిపిస్తుంది. చిక్కంతా మరల దగ్గరే. ఒకటి రెండు చుట్లకే మూత బిగుసుకోవాలని చాలా పెన్నులకు రెండు మూడు మరలు పక్కపక్కనే కోసి ఉంటాయి. బోల్టుల కోసం కోసే మామూలు ఒంటి మర అక్కడ కూర్చోదు. మర లేని వెనక బిళ్లకో, లోపలి గొట్టానికో అయితే ఆ షాపు చాలు.

పాళీ కొనేటప్పుడు 5, 6 నంబర్లను నమ్మి ఆగకూడదు. ఒకే నంబరున్న రెండు పాళీల వంపు వేరుగా ఉండవచ్చు, నాలుకతో జత కలిపి చూశాకే డబ్బివ్వాలి. పాత బంగారు పాళీ మొన మీది గట్టి లోహపు చుక్క రాలిపోయినా పాళీని పారేయనక్కర్లేదు, ఆ చుక్కను తిరిగి అతికే నిపుణులు ఉన్నారు.

ఎక్కువమందికి విడిభాగాలు దొరికేది విరిగిన ఇంకో పెన్నులోంచే. ఇంట్లో రాయని పాత పెన్ను ఉంటే చెత్తలో వేయకండి. దాని క్లిప్పో నాలుకో ఇంకొకరికి కావాల్సినదే కావచ్చు.