చేతికొదిగిన తుపాకి

హైదరాబాదు పాతబస్తీలో, మూసీనది దక్షిణపుటొడ్డున, సాలార్ జంగు వస్తుప్రదర్శనశాల యున్నది. అందలి ఆయుధముల గదికి బోయినవారి చూపు మొదట నగిషీపిడుల కత్తులపై వ్రాలును. ఈసారి పోయినపుడు పాత తుపాకుల యెదుట కొంతసేపు నిలువుడు. వత్తి నిప్పుతో ప్రేలు జామగి తుపాకుల కాలమున తుపాకి యనగా పలువురి చేతిపని. గొట్టమును సాగగొట్టువాడు కమ్మరి. కర్రను చెక్కువాడు వడ్రంగి. వెండి బంగారు తీగెలు పొదుగువాడు వేరొకడు. కావుననే ఒకదాని భాగము మరియొకదానికి పట్టెడిది కాదు. కలవారి వేట తుపాకి యజమాని చేతికి సరిపోవునట్లు తయారయ్యెడిది.

వేటకు చెల్లిన ఈ వైవిధ్యము సైన్యమునకు చెల్లదు. నిజాం ఆలీఖాను కొలువులో చేరిన ఫ్రెంచి సేనాని రేమండు ఈ సంగతి నెరిగినవాడు. మూసీకి ఉత్తరమున 1786లో అతడు ఫిరంగుల కార్ఖానా నెలకొల్పెను. జనులు దానిని తోప్ కా సాంచా యనిరి. గన్‌ఫౌండ్రీ యను పేట పేరు నేటికిని నిలిచియున్నది. రేమండు 1798 మార్చి 25న మరణించెను. ఆ యేడే అక్టోబరులో, ఆంగ్లేయులతో నిజాము చేసికొన్న ఒడంబడిక ననుసరించి, పదివేలకు మించిన ఆ ఫ్రెంచి దళము చేత ఆయుధములు దింపించిరి. ప్రజలు మూసారామని పిలిచిన రేమండు పేరు మూసారాంబాగులో మిగిలినది. అతని కార్ఖానాలో కొలిమి నూదినవారి పేర్లు మాత్రము మనకు వినబడవు.

చేతికి తగిన తుపాకిని కూర్చుకొను ముచ్చట తరువాతి కాలమున మరియొక రూపమున తిరిగి వచ్చినది. 1845లో పారిసు తుపాకి శిల్పి ఫ్లోబేరు, లోహపు టోపీకి చిన్న గుండు నమర్చి, ఇంటిలోనే గురి నేర్చుటకు అనువైన తూటాను చేసెను. 1857లో అమెరికాలో స్మిత్, వెస్సన్ అనువారు దానిని పెంపొందించిరి. 1887లో వెలసిన పాయింట్ ఇరువదిరెండు లాంగ్ రైఫిల్ తూటా నేటికిని వాడుకలో నున్నది. రంజకము దీని అడుగంచులో నుండును. సూది ఆ అంచును కొట్టగా నిప్పు పుట్టును. కావుననే రిమ్‌ఫైరను పేరు వచ్చెను. దీని చప్పుడు స్వల్పము, వెనుకతన్ను స్వల్పము, వెలయు స్వల్పమే.

పందెపు రైఫిలులో 50 మీటర్ల దూరమునగల పదవ వలయపు వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, చొక్కాగుండీ యంత యనవచ్చును. అందుచేత అభిమానులు తమ రైఫిలును తమకు తగినట్లు దిద్దించుకొందురు. భుజమునుండి మీటవరకు కుందా పొడవు, కన్ను గురికి సూటిగా నిలుచునట్లు చెంపపలక యెత్తు, మీటపై వ్రేలి యొత్తిడి, బరువు తూకము ఇవన్నియు మనిషినిబట్టి మారును. ఒకే పేరుగల తూటాలలోను విడతకొక తీరు కనబడును. ఏది తన గొట్టమునకు నప్పునో కాల్చి చూచుకొనవలసినదే. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2014లో గ్లాస్గో కామన్‌వెల్తు క్రీడలలో రజతము గెలిచిన 50 మీటర్ల పందెము ఈ రిమ్‌ఫైరు రైఫిలుతో సాగునదే.

మన దేశమున ఈ వేడుకకు హద్దు కలదు. 1959 నాటి ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1నుండి అమలులోనికి వచ్చెను. అనుమతి లేక తుపాకిని తయారుచేయుట, గొట్టమును పొట్టిచేయుట నేరములు. కావున కమ్మరిపని అభిమానిది కాదు, అనుమతిగల పనివానిది. అభిమానికి మిగిలినది తన భుజమును, చూపును, ఊపిరిని తాను తెలిసికొనుట. ఇది లోపమని నాకు తోచదు. నాడు యజమాని చేయి కొలిచి చేసిన తుపాకి అడవి మృగముపై ప్రేలినది. నేడు అట్లే కొలిచి దిద్దిన రైఫిలు కాగితముపై చుక్కనే వెదకుచున్నది. ప్రదర్శనశాల నుండి వంతెన దాటి గన్‌ఫౌండ్రీ వైపు పోవునపుడు ఈ మార్పు తలచుకొనదగినది.