షాంఘై ఉత్తర స్టేషను: పట్టాలూ, అచ్చక్షరాలూ

ఒక నగరం చరిత్ర చెప్పాలంటే కోటలతోనో గుళ్లతోనో మొదలుపెట్టడం మనకు అలవాటు. షాంఘై వంటి నగరం ఆ పద్ధతికి లొంగదు. రేవూ, నూలుమిల్లూ, బ్యాంకూ, రైలుస్టేషనూ — ఇవే దాని కోటలు. వీటిలో రైలుస్టేషనును నేను ఎంచుకోవడానికి కారణం ఉంది. నగరానికి ఉత్తరాన, జాబేయ్ పేటలో ఉన్న ఆ స్టేషనుకు దగ్గర్లోనే, బావోషాన్ రోడ్డు మీద, ఆధునిక చైనా సాహిత్యానికి పురిటిల్లు అనదగ్గ ఒక అచ్చాఫీసు ఉండేది. ఆ పేట కోసం జరిగిన పోరాటాల్లో అది ఒకసారి కార్మికుల కోట అయింది, మరోసారి బూడిద అయింది. సాహిత్య చరిత్రను పుస్తకాల జాబితాగా చదువుకునే విద్యార్థికి ఈ సంగతి తగలదు. ఒక రచన ఏ వీధిలో పుట్టింది, ఆ వీధి ఎవరి అధీనంలో ఉంది అన్న ప్రశ్నలు వేయకుండా సాహిత్య విమర్శ పూర్తికాదని నా అభిప్రాయం. ఆ ప్రశ్నలనే ఈ స్టేషనుకు వేసి చూద్దాం.

1

చైనాలో మొదటి రైలు 1876లో షాంఘైలోనే నడిచింది. షాంఘై నుంచి ఊసుంగ్ రేవు దాకా సుమారు తొమ్మిది మైళ్లు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. మరుసటి ఏడే దాన్ని పీకేశారు. రైలును చూసి భయపడ్డ మూఢజనం పట్టాలు పీకించారని పాశ్చాత్యులు ఈ కథను చాలాకాలం చెప్పుకున్నారు. జరిగింది వేరు. జార్డిన్ మాథెసన్ కంపెనీ పెద్దలు బండ్ల బాట వేస్తామని చెప్పి భూమి సంపాదించారు. దాని మీద, ప్రభుత్వ అనుమతి లేకుండా, ఇనుప పట్టాలు పరిచారు. ఆగస్టులో ఒక మనిషి రైలు కిందపడి చనిపోయాడు. జనంలో ఆగ్రహం పెరిగింది. చింగ్ ప్రభుత్వం 2,85,000 టేళ్ల వెండి చెల్లించి రైలుమార్గాన్ని కొనేసింది. 1877 అక్టోబరులో చివరి కిస్తీ చెల్లాక పట్టాలు ఊడదీయించి, సామానంతా తైవానుకు పంపింది.

చింగ్ అధికారులు ప్రజల మిత్రులేమీ కారు. వాళ్ల నిర్ణయంలో దూరదృష్టీ లేదు. కాని వాళ్లు లేవనెత్తిన ప్రశ్నలో అజ్ఞానం లేదు. 'రైలు మంచిదా చెడ్డదా' అని కాదు, 'ఈ నేల మీద పట్టాలు వేసే హక్కు ఎవరిది' అన్నది ఆ ప్రశ్న. ఆ తర్వాత డెబ్బై ఏళ్లపాటు షాంఘై ఈ ప్రశ్నకే నెత్తురుతో జవాబులు రాసింది.

1895లో జపాను చేతిలో ఓడిపోయాక చైనాకు ఆ మాత్రం బేరమాడే శక్తి కూడా మిగల్లేదు. 1898లో ఊసుంగ్ మార్గాన్ని మళ్లీ వేశారు. 1903లో షాంఘై-నాన్కింగ్ రైలుమార్గం కోసం బ్రిటిష్ అండ్ చైనీస్ కార్పొరేషనుతో అప్పు ఒప్పందం కుదిరింది. ఆ కార్పొరేషను వెనక ఉన్నవి హాంకాంగ్ షాంఘై బ్యాంకూ, మళ్లీ ఆ జార్డిన్ మాథెసన్ కంపెనీయే. దొంగచాటుగా వేసి పోగొట్టుకున్నదాన్ని పాతికేళ్లకు చట్టబద్ధంగా, వడ్డీతో సహా సంపాదించుకున్నారు. 1908లో నాన్కింగ్ దాకా రైళ్లు నడిచాయి. 1909లో షాంఘైలో నాలుగంతస్తుల స్టేషను భవనం లేచింది. చూడ్డానికి అది ఏ ఇంగ్లీషు పట్నంలోనో ఉండవలసిన కట్టడం. హాంగ్‌చౌ మార్గానికి నగరం దక్షిణాన వేరే స్టేషను ఉండేది. 1916లో రెండు మార్గాలనూ కలిపినప్పుడు దీనికి ఉత్తర స్టేషను, దానికి దక్షిణ స్టేషను అనే పేర్లు స్థిరపడ్డాయి.

స్టేషను ముందున్న వీధి పేరే సరిహద్దు వీధి. దానికి దక్షిణాన విదేశీయుల ఏలుబడిలో ఉన్న అంతర్జాతీయ సెటిల్మెంటు. ఉత్తరాన చైనా ప్రభుత్వం కింద జాబేయ్. అవతల బ్యాంకులూ, కాలిబాటలూ, విద్యుద్దీపాలూ. ఇవతల పట్టు మిల్లులూ, ఇరుకు సందులూ, కూలీల పాకలూ. సెటిల్మెంటు పోలీసుల్లో మన పంజాబు నుంచి తీసుకుపోయిన సిక్కులు వందల సంఖ్యలో ఉండేవారు. 1925 మే 30న నాన్కింగ్ రోడ్డులో విద్యార్థుల మీదా కార్మికుల మీదా ఇంగ్లీషు అధికారి ఆజ్ఞతో కాల్పులు జరిపిన పోలీసుల్లో చైనావాళ్లతో పాటు మనవాళ్లూ ఉన్నారు. ఒక వలసదేశపు బీదవాడి చేతికి తుపాకీ ఇచ్చి ఇంకో అర్ధవలస దేశపు బీదవాడి మీదికి గురిపెట్టించడం సామ్రాజ్యవాదానికి కొత్త విద్య కాదు.

కొత్త రిపబ్లిక్కు ఆశ కూలింది కూడా ఈ స్టేషనులోనే. 1913 మార్చి 20 రాత్రి, ఎన్నికల్లో గెలిచిన కుమింటాంగ్ నాయకుడు సుంగ్ చియావో జెన్ పెకింగుకు వెళ్లే రైలెక్కబోతుండగా ఒక కిరాయి హంతకుడు కాల్చాడు. రెండు రోజులకు ఆయన చనిపోయాడు. అప్పటికి ముప్పయ్యొక్క ఏళ్లు నిండలేదు. అధ్యక్షుడు యువాన్ షికాయిని పార్లమెంటుకు లోబరచాలన్నది ఆయన కోరిక. హంతకుణ్ణి తరలించిన దారాలు పెకింగులో ప్రధానమంత్రి కార్యాలయం దాకా పోయాయి.

2

ఇప్పుడు అచ్చాఫీసు సంగతి. కమర్షియల్ ప్రెస్ అనే ఆ సంస్థను 1897లో స్థాపించినవాళ్లు మిషనరీల చలవతో అచ్చుపని నేర్చుకున్నవాళ్లు. 1907లో అది బావోషాన్ రోడ్డుకు మారింది. పాఠ్యపుస్తకాలు, నిఘంటువులు, అనువాదాలు, పత్రికలు — కాగితమూ సిరా రైలు మీద దిగేవి, పుస్తకాలు రైలు మీద దేశమంతా వెళ్లేవి. స్టేషను పక్కన అచ్చాఫీసు ఉండడం యాదృచ్ఛికం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. కొత్త చదువుకు పట్టాలు కావాలి.

ఈ ప్రెస్సు నడిపిన 'కథా మాసపత్రిక'కు 1921లో మావో దున్ సంపాదకుడై దాన్ని కొత్త సాహిత్యానికి వేదికగా మార్చాడు. అదే ప్రెస్సులో వేలాదిమంది కార్మికులు పనిచేసేవారు. 1925 ఆగస్టులో వాళ్లు సమ్మె చేసినప్పుడు ముందు నిలిచిన వాళ్లలో ఒకడు, ఆ ప్రెస్సులోనే అప్రెంటిసుగా చేరిన చెన్ యున్. తర్వాతి కాలంలో కమ్యూనిస్టు పార్టీ అగ్రనాయకుల్లో ఒకడయ్యాడు. సంపాదకుడు మావో దున్ ఆ సమ్మెలో కార్మికుల పక్షాన పనిచేశాడు. రచయితకూ కార్మికుడికీ సంబంధం ఎలా ఉండాలని మనం తరచు చర్చించుకుంటాం. ఇక్కడ ఆ సంబంధం సిద్ధాంత చర్చలో పుట్టలేదు. ఒకే గేటులోంచి పనికి వెళ్లడంలో పుట్టింది.

1927 మార్చి 21 మధ్యాహ్నం షాంఘై కార్మికులు సార్వత్రిక సమ్మెతో పాటు సాయుధ తిరుగుబాటు ప్రారంభించారు. అది మూడో ప్రయత్నం. 1926 అక్టోబరులో, 1927 ఫిబ్రవరిలో జరిగిన రెండు ప్రయత్నాలూ విఫలమయ్యాయి. చౌ ఎన్ లై నాయకుల్లో ముఖ్యుడు. మిగతా పేటలు ఆ సాయంత్రానికీ రాత్రికీ కార్మికుల చేతికి వచ్చాయి. జాబేయ్ మాత్రం లొంగలేదు. షాంటుంగ్ యుద్ధప్రభువు సైన్యం ఉత్తర స్టేషనులో తిష్ఠవేసింది. దానికి తోడు ఒక ఉక్కుకవచపు రైలు. దాన్ని నడిపినవాళ్లు రష్యా విప్లవం నుంచి పారిపోయి వచ్చిన తెల్లసైనికులు. కార్మికుల చేతిలో కొద్ది తుపాకులు, పిస్తోళ్లు, గొడ్డళ్లు, కర్రలు. రైల్వే కార్మికులు సైన్యానికి సాయం రాకుండా పట్టాలు తొలగించారు. శత్రుసైనికులు పేటకు నిప్పంటించారు. బీదల ఇళ్లు తగలబడ్డాయి. జాతీయ సైన్యం అప్పటికే నగరం దక్షిణపు అంచున లుంగ్‌హ్వాకు చేరింది. చేరి, అక్కడే ఆగిపోయింది. చివరికి మార్చి 22 సాయంత్రం స్టేషను కార్మికుల వశమైంది. ఎవరి నేల మీద ఎవరి పట్టాలన్న ప్రశ్నకు ఆ సాయంత్రం దొరికిన జవాబు మూడు వారాలు నిలిచింది.

కమర్షియల్ ప్రెస్సుకు చెందిన ప్రాచ్య గ్రంథాలయం భవనంలో కార్మిక దళాల ప్రధాన కార్యాలయం పెట్టారు. ఏప్రిల్ 12 తెల్లవారుజామున చియాంగ్ కై షేక్ సైన్యమూ, గ్రీన్ గ్యాంగు గూండాలూ కలిసి కార్మికుల ఆయుధాలు లాక్కున్నారు. మరునాడు ఆయుధాలు తిరిగి ఇవ్వాలని బావోషాన్ రోడ్డు వెంట సాగిన ఊరేగింపు మీద మరతుపాకులు పేలాయి. వందమందికి పైగా చనిపోయారు.

సాహిత్య విద్యార్థులు గుర్తుంచుకోవలసిన ఘటన ఇక్కడే జరిగింది. ఆ పరిసరాల్లో నివసిస్తున్న ఏడుగురు మేధావులు ఈ హత్యాకాండను ఖండిస్తూ కుమింటాంగ్ పెద్దలకు లేఖ రాశారు. అది పత్రికలో అచ్చయింది. హు యూజీ, 'కథా మాసపత్రిక' సంపాదకుడు జెంగ్ జెన్‌దువో వంటివారు తమ అసలు పేర్లతోనే సంతకాలు చేశారు. నగరంలో అరెస్టులూ శిరచ్ఛేదాలూ సాగుతున్న రోజులవి. జెంగ్ ఆ తర్వాతి నెలలోనే దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆ పత్రిక బాధ్యత యె షెంగ్ తావో తీసుకున్నాడు. ప్రభుత్వం వెతుకుతున్న మావో దున్ దగ్గర్లోని జింగ్‌యున్ సందులో ఇంట్లో దాక్కుని, విప్లవం ఓడిన అనుభవాన్ని నవలగా రాశాడు. వైరుధ్యం అనే అర్థం వచ్చే మారుపేరు పెట్టుకుంటే, అది ఇట్టే పట్టుబడుతుందని, పక్కింట్లో ఉన్న సంపాదకుడు యె ఒక అక్షరం పైన గడ్డి గుర్తు చేర్చాడు. మనకు తెలిసిన 'మావో దున్' అనే పేరు అలా పుట్టింది. అదే ఏడు అక్టోబరులో లూ సున్ వచ్చి ఆ సందులోనే కాపురం పెట్టాడు. డింగ్ లింగ్ తొలి కథలూ, బా జిన్ తొలి నవలా ఆ మాసపత్రికలోనే వచ్చాయి.

ఈ తిరుగుబాటును ప్రపంచానికి తెలియజేసిన నవల మాత్రం ఫ్రెంచి రచయిత ఆంద్రే మాల్రో 1933లో ప్రచురించిన 'మానవ స్థితి'. ఉక్కుకవచపు రైలు అందులో ఉంది. 1927లో మాల్రో షాంఘైలో లేడు. అది గొప్ప నవలే, కాదనను. కాని అందులో ప్రధానంగా వినపడేది ఒంటరి వ్యక్తి మృత్యువుతో పడే గుంజాటన. సమ్మె చేసి, సంఘం కట్టి, తమ అచ్చాఫీసు పక్కనే ప్రాణాలిచ్చిన కంపోజిటర్ల సమష్టి జీవితం అందులో ముందుకు రాదు. చూడనివాడు రాయకూడదని నేననను. ఎక్కడి నుంచి చూస్తున్నాడన్నది విమర్శకుడు అడగాలి.

ఆ ఏడు బ్రిటన్ షాంఘైకి పంపిన సైన్యంలో పంజాబు రెజిమెంట్లు ఉన్నాయి. డిసెంబరులో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ, చైనాకు భారత సైనికులను పంపడాన్ని నిరసిస్తూ తీర్మానించింది. ఈ చరిత్రతో మన సంబంధం తుపాకీ పట్టినవాడి వైపూ ఉంది, దాన్ని దించమన్నవాడి వైపూ ఉంది.

3

1932 జనవరి 28 అర్ధరాత్రి జపాను నావికాదళం జాబేయ్ మీద దాడి చేసింది. పందొమ్మిదో రూట్ సైన్యం ఉత్తర స్టేషనును వదలకుండా పోరాడింది. మరునాడు విమానాలు స్టేషను మీదా, కమర్షియల్ ప్రెస్సు మీదా బాంబులు వేశాయి. ఫిబ్రవరి 1న ప్రాచ్య గ్రంథాలయం తగలబడింది. 4,60,000కు పైగా పుస్తకాలు బూడిదయ్యాయి. ఆ కాగితపు మసి నగరం మీద ఎగిరిపడింది.

స్టేషను సైనిక లక్ష్యమని వాదించవచ్చు. నిఘంటువులు ఏ లక్ష్యం? ఒక జాతిని లొంగదీయాలనుకున్నవాడు దాని రైలునూ, దాని అచ్చక్షరాన్నీ కలిపే కాల్చాడు. లావో షె తన నవల 'దామింగ్ సరస్సు'ను 'కథా మాసపత్రిక'కు ఇచ్చాడు; రాతప్రతి ఆ మంటల్లో పోయింది. ఆయన దాన్ని తిరిగి రాయలేదు. మనసులో మిగిలిన ఒక్క భాగాన్ని 'నెలవంక' అనే కథగా మలిచాడు. బతుకుదెరువు లేక ఒళ్లు అమ్ముకోవలసి వచ్చిన తల్లీకూతుళ్ల కథ అది. ఆయన ఉత్తమ రచనల్లో దాన్ని లెక్కిస్తారు. ఆ మాసపత్రిక మాత్రం మళ్లీ వెలువడలేదు. అప్పటికి జపాను నావికాదళ కార్యాలయానికి ఎదురుగా ఉంటున్న లూ సున్ గదిలోకి తుపాకీ గుండు దూసుకొచ్చింది; ఆయన కుటుంబంతో ఒక జపాను పుస్తకవ్యాపారి ఇంట తలదాచుకున్నాడు. శత్రువు ఎవరో, శత్రుదేశపు మనిషి ఎవరో వేరుచేసి చూడగలగడం ఆయన నుంచి నేర్చుకోవలసిన పాఠాల్లో ఒకటి.

బాగుచేసిన స్టేషను మళ్లీ 1937 ఆగస్టులో యుద్ధరంగమైంది. అక్టోబరు చివర జాబేయ్ నుంచి చైనా సైన్యం వెనుదిరిగేదాకా అక్కడ పోరు సాగింది. ఆగస్టు 28న బాంబులు పడ్డది దక్షిణ స్టేషను మీద. శిథిలాల మధ్య ఒంటరిగా ఏడుస్తున్న పసివాడి ఫోటో ప్రపంచమంతా చూసింది ఆనాటిదే. రెండు స్టేషన్లనూ కలిపి ఒకటిగా చెప్పేవాళ్లున్నారు కాబట్టి ఈ తేడా గుర్తుచేస్తున్నాను.

4

1949 మేలో షాంఘై విముక్తమైంది. పట్టాల మీద విదేశీ పెట్టుబడి పెత్తనం పోయింది. వ్యాసాన్ని ఇక్కడ ముగిస్తే మనకు సుఖంగా ఉంటుంది. కాని స్టేషను అక్కడితో ముగియలేదు.

1966 నవంబరులో బీజింగుకు బయలుదేరిన వేలాది కార్మికుల రైలును ఆంటింగ్ దగ్గర ఆపేస్తే, వాళ్లు పట్టాల మీద బైఠాయించి రాకపోకలు స్తంభింపజేశారు. 1968 నుంచి చదువుకున్న యువతను పల్లెలకు పంపే ఉద్యమంలో షాంఘై నుంచే పది లక్షల మందికి పైగా వెళ్లారు. బాజాలు మోగుతుండగా రైళ్లు కదిలేవి. రైలు కదలగానే ప్లాట్‌ఫారం మీదా పెట్టెల్లోనూ ఏడుపులు. పల్లె నుంచి నేర్చుకోవాలన్న ఆదర్శాన్ని నేను చులకన చేయను. అయితే ఇష్టపడి వెళ్లడం వేరు, పంపబడడం వేరు. ప్రజల పేరుతో జరిగినంత మాత్రాన ప్రజల కన్నీరు లెక్కలోకి రాకుండా పోదు. 1927నూ 1932నూ వర్ణించి, దీన్ని దాటేసే అభ్యుదయవాది చరిత్రకారుడు కాడు, పొగడ్తల కవి.

దీన్ని దాటేయనిది అక్కడి సాహిత్యమే. 1978 ఆగస్టు 11న షాంఘై పత్రిక 'వెన్‌హుయి బావో'లో లూ షిన్‌హ్వా అనే విశ్వవిద్యాలయ విద్యార్థి కథ 'గాయపు మచ్చ' వచ్చింది. ద్రోహి అని ముద్రపడ్డ తల్లిని వదులుకుని పల్లెకు పోయిన అమ్మాయి, ఏళ్ల తర్వాత షాంఘైకి రైల్లో తిరిగివస్తుండగా కథ మొదలవుతుంది. ఆమె చేరేసరికి తల్లి ఉండదు. ఒక సాహిత్య ధోరణికే ఆ కథ పేరు పెట్టారు. 1981లో వాంగ్ అన్‌యీ 'ఈ రైలు గమ్యం' రాసింది. పదేళ్లకు ఇల్లు చేరిన యువకుడికి దొరికింది ఇరుకు గదీ, ఆ గది కోసం అన్నదమ్ముల మధ్య పొరపొచ్చాలూ. మొదటి కథలో కన్నీరు ఎక్కువ, ఆలోచన తక్కువ. రెండో కథ ఒక అడుగు ముందుకేసింది: తిరిగి రావడమే పరిష్కారం కాదని, జీవితం స్టేషను బయట మొదలవుతుందని గ్రహించింది. అందుకే నేను రెండోదానికే ఎక్కువ విలువ ఇస్తాను.

1987 డిసెంబరు 28న కొత్త స్టేషను ప్రారంభమైన రోజే పాత ఉత్తర స్టేషను మూతపడింది. 2004లో ఆ స్థలంలో రైల్వే మ్యూజియం తెరిచారు. 1909 నాటి భవనం ముఖభాగాన్ని కొంచెం తగ్గించిన కొలతల్లో మళ్లీ కట్టారు. పాత ఊసుంగ్ మార్గంలో కొంత భాగం మీద ఇప్పుడు మెట్రో నడుస్తోంది. బావోషాన్ రోడ్డు దాని స్టేషన్లలో ఒకటి.

భవనాన్ని కొలత తగ్గించి కట్టవచ్చు. చరిత్రకు ఆ వెసులుబాటు లేదు. ఈ స్టేషనులో పెట్టుబడి చేసిన మోసమూ, కార్మికులు గెలిచిన ఆ ఒక్క సాయంత్రమూ, కాలిపోయిన రాతప్రతీ, కదిలే రైలు వెంట పరుగెత్తిన తల్లీ — అన్నీ ఒకే పట్టాల మీద నిలిచి ఉన్నాయి. మనకు నచ్చినవాటిని మాత్రమే ఏరుకుని రాసే రచయిత పాఠకుడికి సగం దారికే టిక్కెట్టు ఇస్తున్నాడు.